కోరంగి: మన పేరుగా మారిన రేవు

మారిషస్‌లోని తెలుగు ఇళ్ళలో పిల్లలు "మన పూర్వికులది ఏ ఊరు?" అని అడిగినప్పుడు పెద్దలు తరచుగా చెప్పే సమాధానం "కోరంగి". ఈ ద్వీపంలో తెలుగువారిని చాలాకాలం 'కోరంగీలు' అనే పిలిచేవారు. బర్మాలోనూ అంతే. రంగూను రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలకు అక్కడివారు పెట్టిన పేరు కూడా 'కోరంగీ'యే. ఒక చిన్న గ్రామం పేరు సముద్రాలు దాటి ఒక జాతికి పేరయినది. అయితే ఆ గ్రామం ఎక్కడ ఉన్నది? ఎలా ఉన్నది? మన పెద్దలు నిజంగా ఆ ఊరివారేనా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం తెలుసుకొనడం మన పిల్లలకు అవసరమని మేము భావిస్తున్నాము. ఎందుకంటే మూడవ ప్రశ్నకు సరైన సమాధానం తెలియకపోతే, మన అసలు ఊరిని వెదకడం తప్పుచోట మొదలవుతుంది.

కోరంగి ఎక్కడ ఉన్నది

ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ పట్టణానికి దక్షిణంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, తాళ్ళరేవు మండలంలో కోరంగి గ్రామం ఉన్నది. ఈ ప్రాంతం 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం జిల్లాల విభజన తరువాత కాకినాడ జిల్లాలో చేరినది.

ఈ ఊరిని అర్థం చేసుకోవాలంటే ముందుగా గోదావరిని అర్థం చేసుకోవాలి. ధవళేశ్వరం వద్ద గోదావరి చీలిపోతుంది. చీలిన ప్రతి ప్రవాహాన్ని తెలుగులో 'పాయ' అంటారు. తూర్పుపాయ పేరు గౌతమి, పడమటిపాయ పేరు వసిష్ఠ. గౌతమి సముద్రాన్ని సమీపిస్తుండగా యానాం పట్టణం వద్ద దాని నుండి ఇంకొక చిన్న పాయ విడివడి, ఈశాన్య దిశగా ప్రవహించి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. అదే కోరంగి నది. దీనిని ఆత్రేయ అని కూడా అంటారు. ఈ నది ఒడ్డుననే మన కోరంగి ఉన్నది.

నది సముద్రంలో కలిసే చోటును 'మొగ' అంటారు. నది నడుమ మేట వేసిన నేల 'లంక'. సముద్రపు నీరు లోపలికి వచ్చిపోయే కాలువ 'ఉప్పుటేరు'. సముద్రం పొంగి నీరు పైకి ఎక్కడం 'పోటు', వెనుకకు తగ్గడం 'పాటు'. ఉప్పునీరు, మంచినీరు కలిసే బురదనేలలో పెరిగే అడవి 'మడ అడవి'. కోరంగి చుట్టూ ఇవన్నీ ఉన్నాయి. ఈ మాటలను మన పిల్లలు నేర్చుకుంటే ఆ ఊరి భూగోళంలో సగం నేర్చుకున్నట్లే.

గోదావరి ఏడు పాయలను సప్తర్షుల పేర్లతో ముడిపెట్టి చెప్పుకొనే సంప్రదాయం ఉన్నది. ఏడు సాగర సంగమాలలో స్నానం చేసే యాత్రను సప్తసాగర యాత్ర అంటారు. పుష్య బహుళ అమావాస్యనాడు కోరంగికి ఉత్తరాన ఉన్న చొల్లంగిలో స్నానంతో ఆ యాత్ర మొదలవుతుంది. అందుకే ఆ రోజుకు చొల్లంగి అమావాస్య అని పేరు. కోరంగి పేరుకు కూడా స్థానికులు ఒక కథ చెబుతారు. సంస్కృతంలో 'కురంగము' అంటే జింక. మారీచుడు మాయలేడిగా వచ్చి రాముని బాణానికి కూలిన చోటు ఇదేనని ఆ కథ. కొందరు పండితులు మాత్రం కోరంగి అనేది 'కళింగ' పదానికి రూపాంతరం కావచ్చునని ఊహించారు. మలయా దేశంలో మనవారిని 'కెలింగ్' అని పిలిచిన మాట కూడా కళింగ నుండి వచ్చినదే. పురాణం ఒక మాట చెబితే, భాషాశాస్త్రం మరొక మాట చెబుతుంది. రెండింటినీ పిల్లలకు చెప్పవచ్చును, అయితే ఏది కథయో ఏది ఊహయో విడమరచి చెప్పాలి.

రెండు జెండాల నడుమ

కోరంగిని సరిహద్దు గ్రామమని ఎందుకంటున్నాము? ఈనాడు దాని పొరుగున ఉన్న యానాం ఆంధ్రప్రదేశ్‌లో భాగం కాదు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న ప్రాంతం, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందినది. ఒకే నది, ఒకే భాష, ఒకే పండుగలు, కాని రెండు ప్రభుత్వాలు. దీనికి మూడు వందల సంవత్సరాల చరిత్ర ఉన్నది.

ఈ తీరంలో నేసిన సన్నని బట్టలకు ఒకప్పుడు ఐరోపాలో గొప్ప గిరాకీ ఉండేది. ఆ బట్టల కోసమే ఐరోపా వర్తకులు ఒకరి తరువాత ఒకరు వచ్చి చేరారు. యానాం పొరుగున ఉన్న ఇంజరంలో ఆంగ్లేయులు 1708లో వర్తక స్థావరం పెట్టారు. ఫ్రెంచివారు 1723లో యానాం వచ్చి, లాభం లేదని కొంతకాలానికి విడిచిపెట్టి, 1731లో మళ్ళీ వచ్చి స్థిరపడ్డారు. కాకినాడలోని జగన్నాథపురంలో డచ్చివారు ఉండేవారు. ఒక రోజు నడకలో దాటగలిగిన నేలలో మూడు విదేశీ కంపెనీలు!

వర్తకం వెంట యుద్ధం వచ్చినది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇంజరాన్ని పట్టుకున్నాడు. మరుసటి సంవత్సరం డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఆంగ్లేయులు ఫ్రెంచివారిని ఓడించడంతో ఈ తీరంలో పైచేయి వారిదయినది. 1759లో వారు కోరంగిలో తమ స్థావరం ఏర్పరచుకున్నారు. అప్పటినుండి నదికి పైన యానాంలో ఫ్రెంచి జెండా, క్రింద కోరంగిలో ఆంగ్లేయుల జెండా ఎగిరేవి. ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం ఆంగ్లేయుల చేతికి చిక్కేది, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి ఫ్రెంచివారికి దక్కేది.

ఇక్కడ మన ద్వీపపు చరిత్ర కూడా వచ్చి కలుస్తుంది. 1810లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి నుండి మారిషస్‌ను గెలుచుకున్నారు. 1814లో పారిస్‌లో జరిగిన సంధి ప్రకారం మారిషస్ ఆంగ్లేయులకే మిగిలినది, భారతదేశంలోని యానాం వంటి స్థావరాలు మాత్రం ఫ్రెంచివారికి తిరిగి వెళ్ళినవి. ఒకే కాగితం ఆ సరిహద్దునూ నిలిపినది, మన ద్వీపం ఎవరిదో కూడా తేల్చినది. మనం ఇక్కడ ఇంగ్లీషు చట్టం, ఫ్రెంచి మాట రెండింటి నడుమ బ్రతుకుతున్నాము గదా! మన పెద్దలు ఓడ ఎక్కిన తీరం కూడా అటువంటిదే.

యానాంలో ఫ్రెంచివారి పాలన 1954 వరకు సాగినది. ఆ సంవత్సరం జూన్ 13న అది విమోచనం పొందినది. చట్టప్రకారం పూర్తి విలీనం 1962 ఆగస్టు 16న జరిగినది. ఫ్రెంచివారి పాలనాకాలంలో సరిహద్దు వలన కొన్ని విచిత్రాలు కూడా పుట్టినవి. బ్రిటిషు భారతంలో బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1930లో అమలులోకి రాగా, ఆ చట్టం వర్తించని యానాంలో పెళ్ళిళ్ళు చేయడానికి చుట్టుపక్కల ఊళ్ళవారు బారులు తీరేవారు. అందువలన యానానికి 'కల్యాణపురం' అనే పేరు కూడా వచ్చినది. చట్టం ఆగిన చోట నది ఆగదు, మనుషులూ ఆగరు అనడానికి ఇది ఒక ఉదాహరణ. అది గర్వించదగిన ఉదాహరణ కాకపోయినా, చరిత్రలో జరిగినదే.

ఓడల ఊరు

పద్దెనిమిదవ శతాబ్దం చివర కోరంగి ఈ తీరంలోని గొప్ప రేవులలో ఒకటి. కలకత్తాకు, సింహళంలోని ట్రింకోమలీకి నడుమ పెద్ద ఓడలను ఒడ్డుకు చేర్చి మరమ్మతు చేయగలిగిన చోటు ఇదొక్కటేనని ఆనాటి ఆంగ్లేయ అధికారులు వ్రాశారు. 1802లో ఇక్కడ ఓడల మరమ్మతుకు ప్రత్యేకంగా ఒక డాక్ నిర్మించారు. ఇక్కడి వడ్రంగులు కట్టిన అడుగు బల్లపరుపు 'దోనె'లు నిస్సారమైన నీటిలో కూడా నడిచి, బియ్యం, బట్టలు, ఉప్పు మోసుకొని తీరం వెంబడి తిరిగేవి. పెద్ద ఓడలు బంగాళాఖాతం దాటి బర్మాకు వెళ్ళేవి. పక్క ఊరి పేరు తాళ్ళరేవు. ఆ పేరులోనే రేవు ఉన్నది. ఆ ఊరు కూడా ఓడలు కట్టే పనికి పేరుపొందినది.

అయితే ఏ నీరు కోరంగిని పెంచినదో, ఆ నీరే దానిని దెబ్బతీసినది. 1789 డిసెంబరులో తుఫాను గాలితో పాటు మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచివేసినవి. రేవులోని ఓడలు పొలాలలోకి కొట్టుకొని పోయినవి. సుమారు 20,000 మంది మరణించారని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. 1839 నవంబరులో మళ్ళీ అటువంటి ఉప్పెన వచ్చినది. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఇటువంటి తుఫానులను పరిశోధించి, 1848లో నావికుల కోసం ఒక గ్రంథం ప్రచురించాడు. నేడు ప్రపంచమంతా వాడే 'సైక్లోన్' అనే మాటను ప్రచారంలోకి తెచ్చినది ఆయనే. ప్రతి వేసవిలోనూ తుఫాను హెచ్చరికలు వినే మన ద్వీపవాసులకు ఆ మాట కొత్త కాదు. ఆ మాట పుట్టిన పరిశోధనలో కోరంగి ఉప్పెన ఒక పాఠమని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఉప్పెనలు ఒక్కసారి కొడతాయి, మేట మాత్రం రోజూ పడుతుంది. గోదావరి ప్రతి వర్షాకాలంలోనూ తెచ్చే ఒండ్రు కోరంగి పాయను కొద్దికొద్దిగా పూడ్చివేసినది. సముద్రపు ఇసుక కాకినాడ అఖాతానికి ఎదురుగా పోగుపడి, పొడవైన ఇసుకతిన్నెగా పెరిగినది. నేడు హోప్ ఐలాండ్ అని పిలిచే ఆ దీవి వయస్సు రెండు వందల సంవత్సరాలకు కొంచెం పైన మాత్రమే. దాని చాటున కాకినాడ రేవుకు ప్రశాంతమైన నీరు దొరికినది, కోరంగికి మాత్రం లోతు తగ్గినది. పెద్ద ఓడలు కాకినాడ వైపు మళ్ళినవి. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి కోరంగి మళ్ళీ చిన్న గ్రామమయినది.

ప్రజలు ఎందుకు వెళ్ళారు

ఓడలు ఉన్నంత మాత్రాన ప్రజలు ఊరు విడువరు. లాంకషైర్ మిల్లుల బట్ట చౌకగా వచ్చి పడడంతో గోదావరి జిల్లాల సాలెవారి మగ్గాలు ఆగిపోయినవి. నేతబట్టలు కొనడం కంపెనీవారు కూడా మానివేశారు. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని పీల్చిపిప్పి చేసినది. ఆనాటి రాజమహేంద్రవరం జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేల మంది జనం ఉండగా, 1841 నాటికి ఆ సంఖ్య సుమారు 5 లక్షల 61 వేలకు తగ్గినది. ఇరవై సంవత్సరాలలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు మరణించారు, కొందరు వలస వెళ్ళారు.

ఈ లెక్క చూసిన తరువాతనే ప్రభుత్వం నీటి గురించి ఆలోచించినది. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్టను 1847లో ప్రారంభించి 1852లో పూర్తి చేశాడు. కాలువలు వచ్చినవి, డెల్టా పచ్చబడినది. అయితే మన తొలితరాల పెద్దలలో చాలామంది ఆ నీరు రాకముందే బయలుదేరారు. గోదావరి ఒడ్డున నీరు లేక వెళ్ళినవారు, ఇక్కడ నీటి మధ్య ద్వీపంలో చెరకు నరికారు.

సరిహద్దు కూడా ఈ వలసలో తన పాత్ర వహించినది. మారిషస్‌కు ఒప్పంద కూలీల రాక 1834లో మొదలయినదని మనకు తెలుసు. అంతకు ఆరు సంవత్సరాల ముందే, 1828లో, యానాం నుండి తెలుగు కూలీలను ఒప్పందంపై ఫ్రెంచివారి రెయూనియన్ దీవికి తీసుకొని వెళ్ళారు. అంటే ఈ చిన్న నదీతీరంలో ఒక ప్రక్క ఫ్రెంచి దీవికి, ఇంకొక ప్రక్క ఇంగ్లీషు దీవికి తలుపులు తెరిచి ఉండేవి. దారిద్ర్యంలో ఉన్నవాడు ఏ తలుపు తెరిచి ఉంటే ఆ తలుపు గుండా వెళ్ళాడు. ఒక నదికి చెందినవారే రెండు దీవులకు చేరి, నేడు ఒకరినొకరు ఎరుగని బంధువులై ఉండవచ్చును. రెయూనియన్ మనకు విమానంలో గంటకంటే తక్కువ దూరమే!

కూలీలపై జరిగిన దుర్మార్గాల గురించి ఫిర్యాదులు రాగా 1839లో బ్రిటిషు ప్రభుత్వం వలసను నిలిపివేసి, 1842 చివర మారిషస్‌కు తిరిగి అనుమతించినది. ఆ తరువాత ప్రభుత్వ పర్యవేక్షణలో దక్షిణాది నుండి సాగిన వలసకు మద్రాసు ముఖ్యమైన రేవయినది. అయినా 'కోరంగీ' అనే పేరు మాత్రం చెదరలేదు.

పేరు నిలిచినది, ఊరు మరుగయినది

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వద్దాము. మన పెద్దలు కోరంగివారేనా? కొద్దిమంది అయి ఉండవచ్చును. ఎక్కువమంది కారు. మారిషస్‌కు వచ్చిన తెలుగువారు గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం వంటి జిల్లాలలోని ఎన్నో పల్లెల నుండి వచ్చారు. కోరంగి వారికి రేవు, సొంత ఊరు కాదు. ఇంటి గడపకూ ఊరి పొలిమేరకూ ఎంత తేడా ఉన్నదో, సొంత ఊరికీ రేవుకూ అంత తేడా ఉన్నది. ఓడ ఎక్కిన చోటు పేరునే బయటివారు మనిషికి అంటించారు. రంగూనులో ఆ పేరును చిన్నచూపుతోనే వాడేవారు. 1930 మే నెలలో అక్కడి రేవులో పనికోసం తెలుగు కూలీలకూ బర్మీయులకూ నడుమ ఘోరమైన అల్లర్లు జరిగినప్పుడు, 'కోరంగీ' అనే మాటను మోస్తున్నందుకే ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారిలో కోరంగి గ్రామాన్ని కంటితో చూడనివారు ఎందరో!

మనం ఇంకొక విషయం కూడా గమనించాలి. తెలుగువారికి ఇంటిపేరు ఉంటుంది. చాలా ఇంటిపేర్లు ఊరిపేర్ల నుండి వచ్చినవే. అంటే ఒక తెలుగువాని పేరులోనే అతని పూర్వికుల ఊరు దాగి ఉండవచ్చును. కాని ఇక్కడి వలస గుమాస్తా కూలీ పేరు, తండ్రి పేరు వ్రాసుకొన్నాడు, ఇంటిపేరు అడగలేదు. తరువాతి తరాలలో ఆ తండ్రి పేరే కుటుంబపు పేరయినది. అప్పడు, రాములు, అప్పలసామి వంటి వ్యక్తుల పేర్లు నేడు మన ఇళ్ళకు పేర్లుగా ఉన్నాయి. ఇంటిపేరుతో పాటు ఊరు కూడా జారిపోయినది. ఆ ఖాళీలో 'కోరంగి' వచ్చి కూర్చున్నది.

అయితే అంతా పోలేదు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భారతీయ వలసల దస్తావేజులు భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్క వ్యక్తికి ఇచ్చిన సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, వచ్చిన ఓడ, వీటితో పాటు జిల్లా, గ్రామం పేర్లు కూడా ఆ పుస్తకాలలో వ్రాసి ఉంటాయి. కొందరి ఛాయాచిత్రాలు కూడా ఉన్నాయి. ఆ గ్రామం పేరును తెలుగు రాని గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాశాడు. కాకినాడను 'కొకనాడ' అన్నారు, విశాఖపట్నాన్ని 'విజగపటం' అన్నారు, యానాన్ని ఫ్రెంచివారు 'యనావ్' అన్నారు. ఇటువంటి పేర్లను చదివి, దాని వెనుక ఉన్న తెలుగు ఊరిని గుర్తుపట్టాలంటే తెలుగు వచ్చి ఉండాలి. పేరు చివర 'పాలెం', 'వలస', 'పేట', 'లంక', 'పూడి' అని వినిపిస్తే అది ఎటువంటి ఊరో ఊహించగలగాలి. మన పిల్లలకు సాయంకాల తరగతులలో తెలుగు నేర్పడం వలన కలిగే ప్రయోజనాలలో ఇది ఒకటి. పద్యాలు అప్పజెప్పడానికే కాదు, తమ ముత్తాత ఊరి పేరును తామే చదువుకొనడానికి కూడా తెలుగు కావాలి.

నేటి కోరంగి

నేడు కోరంగికి వెళ్ళినవారికి ఓడలు కనబడవు. మడ అడవి కనబడుతుంది. 1978లో ఈ ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల వంటి చెట్లు బురదలో నుండి ఊపిరివేళ్ళను పైకి నిలబెట్టి పెరుగుతాయి. చేపలు పట్టి తినే బావురుపిల్లి అక్కడ నివసిస్తుంది. హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అడవి నడుమ కొయ్యబల్లలతో వేసిన బాట మీద సందర్శకులు నడుస్తారు. ఏ మేట రేవును పూడ్చినదో, ఆ మేట మీదనే ఈ అడవి పెరిగినది. సముద్రం పొంగి వచ్చినప్పుడు దాని వేగాన్ని కొంత తగ్గించి ఒడ్డున ఉన్న ఊళ్ళను కాపాడేది ఈ అడవియే. 

యానాం సరిహద్దు కూడా ఉన్నది. దాటడానికి అనుమతిపత్రం అక్కరలేదు. పెట్రోలు ధర మారినప్పుడు, దుకాణాల బోర్డుల మీద 'పుదుచ్చేరి' అని కనబడినప్పుడు మాత్రమే రాష్ట్రం మారినదని తెలుస్తుంది.

మన పండుగలలో, రామభజనలలో, అమ్మోరు పూజలలో కోరంగి పేరును గౌరవంగా తలచుకొందాము. మన పెద్దలలో కొందరికి చివరిసారిగా తమ నేల కనబడిన తీరం అది. కాని మన పిల్లలు "మనది ఏ ఊరు?" అని అడిగినప్పుడు ఇకమీదట రెండు వాక్యాలు చెప్పడం మంచిది: "కోరంగి మనకు పేరిచ్చిన రేవు. మన ఊరు దాని వెనుక ఎక్కడో ఉన్నది, రా, వెదుకుదాము."